అయిదు బ్రాంచీలు, ఒక వర్చువల్ అసిస్టెంట్: ఏ పని ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు

శ్రీకాకుళంలో ఒక టీ, స్నాక్స్ ఫ్రాంచైజీ నిలదొక్కుకుంటే తర్వాత నరసన్నపేట, ఆ తర్వాత టెక్కలి అనుకోవడం మామూలే. మూడూ ఎన్‌హెచ్-16 మీద వరసగా ఉంటాయి కాబట్టి ఓనరు పొద్దున బయల్దేరితే సాయంత్రానికి మూడూ చూసి రావచ్చు. రాజాం, విజయనగరం కూడా చేరితే ఆ పద్ధతి చెల్లదు. చిలకపాలెం దగ్గర హైవే వదిలి రాజాం వెళ్లి, చీపురుపల్లి మీదుగా విజయనగరం దిగేసరికి పొద్దు వాలిపోతుంది. ఈలోగా టెక్కలిలో పాలు చాలక ఒకరు, నరసన్నపేటలో డెలివరీ ఆర్డర్ క్యాన్సిల్ అయిందని ఇంకొకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. వర్చువల్ అసిస్టెంట్‌ని పెట్టుకోవాలన్న ఆలోచన వచ్చేది ఇక్కడే.

ఇక్కడ నేను చెప్పేది సాఫ్ట్‌వేర్ గురించి కాదు. ఇంటి దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని మన బ్రాంచీల లెక్కలు, మెసేజ్‌లు, ఆర్డర్లు చూసే మనిషి గురించి. కింద అంతా వీఏ అనే రాస్తాను.

చాలామంది వీఏని పెట్టుకోగానే సీసీ కెమెరాల పాస్‌వర్డ్ ఇచ్చి, 'అందరినీ ఒక కంట కనిపెట్టు' అంటారు. జీతం దండగ చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అయిదు షాపుల కెమెరాలు రోజంతా చూస్తూ కూర్చునే మనిషికి ఏమీ కనిపించదు, కళ్ల మంటలు తప్ప. వీఏ చూడగలిగేది జాడ వదిలిన పనిని మాత్రమే. బిల్లు, ఫొటో, స్టేట్‌మెంట్, మెసేజ్: వీటిలో ఏదో ఒకటి మిగిల్చే పని ఎంత దూరం నుంచైనా చూసుకోవచ్చు. టీ రుచి, బెంచీ కింద చెత్త, కౌంటర్‌లో కుర్రాడు కస్టమర్‌తో మాట్లాడే తీరు, వీటికి జాడ ఉండదు. వాటికి బండి మీద తిరిగే సూపర్‌వైజర్ కావాలి. కాబట్టి వీఏని పెట్టుకునే ముందు చేయాల్సింది, బ్రాంచీలో జరిగే ఏ పనులు జాడ వదులుతున్నాయో, ఏ పనులకు కొత్తగా జాడ ఏర్పాటు చేయొచ్చో రాసుకోవడం.

ముందు రాత్రి లెక్క

వీఏకి మొట్టమొదట అప్పగించాల్సింది రాత్రి లెక్క ముగించే పని. మిగతావన్నీ దీని మీద నిలబడతాయి. రాత్రి షాపు మూసేటప్పుడు ప్రతి బ్రాంచీ నుంచి మూడు రావాలి: పీవోఎస్ (బిల్లులు కొట్టే మెషీన్)లో తీసిన రోజు ముగింపు రిపోర్టు ఫొటో, గల్లాలో ఉన్న నోట్ల లెక్క, ఆ రోజు గల్లాలోంచి తీసిన ఖర్చుల చీటీ ఫొటో. యూపీఐ సంగతి బ్రాంచీవాళ్లని అడగక్కర్లేదు. మర్చంట్ యాప్‌లో వీఏకి రిపోర్టులు మాత్రమే చూసే సబ్‌యూజర్ లాగిన్ ఇస్తే తనే చూసుకుంటుంది.

టెక్కలి బ్రాంచీలో ఒక రాత్రి లెక్క ఇలా ఉందనుకుందాం. పీవోఎస్ మొత్తం 18,460. అందులో క్యాష్ 6,240, యూపీఐ 9,870, కార్డు 600, డెలివరీ యాప్‌లు 1,750. పొద్దున గల్లాలో చిల్లర కోసం పెట్టింది 2,000. అదనంగా కొన్న పాలకు 280, ఆటోకి 120, మొత్తం 400 ఖర్చు. అంటే గల్లాలో ఉండాల్సింది 6,240కి 2,000 కలిపి, 400 తీసేస్తే 7,840. పంపిన నోట్ల లెక్క: 500లు 9, 200లు 6, 100లు 12, 50లు 8, 20లు 9, 10లు 12, చిల్లర 40. కూడితే 7,640. రెండొందలు తక్కువ.

ఇక్కడే ఆగిపోయి 'క్యాష్ షార్ట్' అని రాసి పంపే వీఏ వల్ల ఉపయోగం లేదు. వెంటనే యూపీఐ రిపోర్టు తెరవాలి. అక్కడ 10,070 కనిపిస్తే విషయం తేలిపోయినట్టే: కస్టమర్ స్కాన్ చేసి కట్టాడు, కౌంటర్‌లో తొందరలో క్యాష్ నొక్కారు. డబ్బు ఎక్కడికీ పోలేదు. వీఏ పంపాల్సిన మెసేజ్ కూడా అలాగే ఉండాలి: 'అన్నా, క్యాష్ 200 తగ్గింది, యూపీఐలో 200 ఎక్కువ వచ్చింది. ఏ బిల్లో ఒకసారి చూసి చెప్పండి, మోడ్ మార్చేద్దాం.' దొంగని పట్టినట్టు రాస్తే రెండో వారం నుంచి లెక్కలు సరిపోయేలా వండి పంపడం మొదలవుతుంది.

క్యాష్ సరిగ్గా ఉండి యూపీఐ మాత్రం తక్కువ వస్తే అది వేరే సంగతి. దానికి మామూలుగా కారణాలు మూడు. ఒకటి, కస్టమర్ పాత పేమెంట్ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయాడు. సౌండ్‌బాక్స్ పలకకపోయినా రద్దీలో ఎవరూ గమనించలేదు. రెండు, సౌండ్‌బాక్స్ నెట్‌వర్క్ పోయి, పేమెంట్ పెండింగ్‌లో ఉండగానే బిల్లు కొట్టేశారు. మూడు, కౌంటర్ మీద ఉన్న క్యూఆర్ మనది కాదు. మూడోది అరుదే గానీ తగిలితే పెద్ద దెబ్బ. అందుకే వారానికి ఒకసారి, ముందు చెప్పకుండా, వీఏ ఆ బ్రాంచీ క్యూఆర్ ఫొటో దగ్గరగా తీసి పంపమని అడగాలి, తన ఫోన్‌తో స్కాన్ చేసి ఎవరి పేరు వస్తోందో చూడాలి. ప్రతి బ్రాంచీకి వేరే క్యూఆర్ తీసుకుని, స్కాన్ చేస్తే ఊరి పేరుతో సహా కనిపించేలా పెట్టించుకుంటే ఈ పని ఒక్క నిమిషంలో అయిపోతుంది.

లెక్క చూడాల్సింది ట్రాన్సాక్షన్ రిపోర్టుతో. బ్యాంకులో జమైన మొత్తంతో చూస్తే ఎప్పటికీ కలవదు. సౌండ్‌బాక్స్ అద్దె, మర్చంట్ లోన్ తీసుకుని ఉంటే దాని రోజువారీ వాయిదా, ముందే కోసుకుని మిగతాది జమ చేస్తారు. ఇంకో చిక్కు రోజు ఎప్పుడు ముగుస్తుందన్నది. యాప్ రిపోర్టు అర్ధరాత్రి పన్నెండుకి తెగుతుంది, పీవోఎస్‌లో రోజు ముగింపు మనం పెట్టిన టైముకి. పన్నెండున్నర దాకా నడిచే షాపులో ఆ అరగంట అమ్మకం రోజూ రెండు చోట్ల రెండు తేదీల్లో పడుతుంది. రెండూ ఒకే గంటకి తెగేలా టైము ఫిల్టర్ పెట్టి తీసుకోవడం వీఏకి మొదటి రోజే నేర్పాలి.

ఎంత తేడాకి ఏం చేయాలో ముందే రాసివ్వాలి. ఉదాహరణకి 50 లోపు తేడా అయితే షీట్‌లో రాసి వదిలేయడం, 300 లోపు అయితే బ్రాంచీ ఇన్‌చార్జితో మాట్లాడి తేల్చడం, 300 దాటినా, ఒకే బ్రాంచీలో మూడు రోజులు వరసగా ఎంత చిన్న తేడా వచ్చినా ఓనరుకి ఫోన్. చివరిది చాలా ముఖ్యం. పెద్ద మొత్తం ఒక్కసారి పోతే అందరికీ తెలుస్తుంది, రోజుకి నలభై పోతే ఎవరికీ తెలియదు.

అంకెలు వాయిస్ నోట్‌లో ఒప్పుకోకూడదు. అంకెలు టైపు చేసి పంపాలి, వివరణ ఎంతసేపైనా వాయిస్‌లో చెప్పుకోవచ్చు. వాయిస్‌లో 'అరవై' అన్నది 'ఇరవై'లా వినిపించి అరగంట వృథా అయ్యే రోజులుంటాయి.

పాల లెక్క

టీ షాపులో బిల్లు కొట్టని అమ్మకం గల్లాలో కనిపించదు. గల్లా, పీవోఎస్ రెండూ ముచ్చటగా కలుస్తాయి, ఎందుకంటే ఆ కప్పు రెండింట్లోనూ లేదు. దాన్ని పట్టేది పాలు. మీ బ్రాండ్ రెసిపీ ప్రకారం లీటరు పాలకి 14 కప్పులు రావాలనుకోండి. ఆ రోజు 30 లీటర్లు వాడారు, అంటే 420 కప్పులు. పీవోఎస్‌లో టీ 372, విరిగిపోయి పారబోసింది 8 కప్పుల లెక్క. మిగతా 40 ఏమైనట్టు?

వెంటనే నేరం మోపే పని కాదిది. స్టాఫ్ తాగిన టీలు రాశారా? కొత్త కప్పుల బాక్సు వచ్చిందా? 80 మిల్లీలీటర్ల కప్పు బదులు 90ది వస్తే నింపే చెయ్యి తెలియకుండానే ఎక్కువ పోస్తుంది, 420 కప్పుల టీ 373 కప్పులకే అయిపోతుంది, పైన చెప్పిన తేడా మొత్తం అక్కడే తేలిపోతుంది. కాఫీ, బాదం పాలకి వాడిన పాలు కూడా టీ ఖాతాలోనే రాసేశారా? ఇవన్నీ చూశాక కూడా అదే బ్రాంచీలో, అదే షిఫ్టులో తేడా మిగిలితే అప్పుడు కెమెరా. అది కూడా ఆ గంట ఫుటేజీ మాత్రమే. కెమెరా చూసే ముందు డీవీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టె) గడియారం సరిగా ఉందో లేదో చూడాలి. పీవోఎస్ టైముకీ డీవీఆర్ టైముకీ అయిదారు నిమిషాలు తేడా ఉంటే ఏ బిల్లు ఏ మనిషిదో తేలదు. వారానికోసారి రెండు టైములూ పక్కపక్కన ఉన్న ఫొటో తెప్పించుకుంటే చాలు.

బిల్లు క్యాన్సిల్ రిపోర్టు, వంటగదికి వెళ్లిన కేవోటీకీ (ఆర్డర్ చీటీకీ) బిల్లుకీ మధ్య తేడా, ఈ రెండూ పీవోఎస్‌లో ఉంటాయి, ఎవరూ తెరవరు. కేవోటీ వెళ్లాక క్యాన్సిల్ అయిన ప్రతి బిల్లుకీ కారణం రాయాలన్న నిబంధన పెట్టి, కారణం లేనివాటిని వీఏ మర్నాడు పొద్దున అడగాలి. అడిగే మనిషి ఉన్నారని తెలిస్తేనే క్యాన్సిల్ బిల్లులు తగ్గుతాయి.

మర్నాటి పాల ఇండెంట్ (ఎంత కావాలో చెప్పే ఆర్డర్) కూడా ఈ లెక్కలోంచే పుడుతుంది. బ్రాంచీ వాళ్లని 'ఎంత కావాలి' అని అడిగితే ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతారు, చాలకపోతే మాట పడాల్సింది వాళ్లు కాబట్టి. గత నాలుగు వారాల్లోనూ అదే రోజు వాడకం సగటు తీసి, దానికి పది శాతం కలిపి, ఫ్రిజ్‌లో మిగిలింది తీసేసి వీఏ అంకె చెప్పాలి. ఇన్‌చార్జి సరేననాలి లేదా ఎందుకు ఎక్కువ కావాలో చెప్పాలి. సంత రోజు, పెళ్లి ముహూర్తం, కాలేజీలో పరీక్షలు, ఇలాంటివి ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుస్తాయి. ఆ మాట వినాల్సిందే.

పొద్దున ఫొటో

షాపు తెరిచారన్న దానికి ఫొటో తెప్పించుకోవడం అందరూ చేసేదే. నిన్నటి ఫొటో ఇవాళ పంపడం కూడా అంతే మామూలు. దీనికి సులువైన విరుగుడు ఉంది. వీఏ రోజూ పొద్దున ఒక రెండంకెల నంబరు గ్రూపులో పెడుతుంది. దాన్ని చీటీ మీద రాసి కౌంటర్ మీద పెట్టి, ఆ చీటీ కనబడేలా ఫొటోలు తీయాలి: షాపు ముందు భాగం, కౌంటర్, ఫ్రీజర్ టెంపరేచర్ అంకె, యూనిఫాంలో ఉన్న స్టాఫ్. ఫ్రోజెన్ సరుకు ఉన్న ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు, పాలున్న ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. అంకె కనిపించకుండా తలుపు ఫొటో పంపితే ఒప్పుకోవద్దు. ఫ్రీజర్ వరసగా రెండు రోజులు మైనస్ 12, మైనస్ 11 చూపిస్తుంటే గ్యాస్ తగ్గడమో, డోర్ రబ్బరు పోవడమో, మంచు గడ్డకట్టడమో అయి ఉంటుంది. సరుకు పాడయ్యేదాకా ఆగకుండా మెకానిక్‌ని పంపేందుకు ఆ రెండు రోజులే మనకున్న గడువు.

డెలివరీ యాప్‌లు, గూగుల్, వాట్సాప్

శ్రీకాకుళం, విజయనగరంలాంటి పట్టణాల్లో డెలివరీ ఆర్డర్లు పోయేది ఎక్కువగా ఒకే కారణంతో: ఐటమ్ అయిపోయింది, యాప్‌లో ఆపలేదు. ఆర్డర్ వచ్చాక క్యాన్సిల్ చేస్తే రేటింగ్ పడుతుంది. సమోసాలు పది మిగిలాయంటే బ్రాంచీ గ్రూపులో ఒక్క మాట, వీఏ వెంటనే ఆ ఐటమ్ ఆపేస్తుంది. పేమెంట్ వారానికోసారి వస్తుంది కాబట్టి ప్రతి వారం స్టేట్‌మెంట్ దింపి, కమీషన్, దాని మీద 18 శాతం జీఎస్టీ, యాడ్ల ఖర్చు, కస్టమర్‌కి వాపసు ఇచ్చి మన ఖాతాలో వేసినవి విడివిడిగా షీట్‌లో రాయాలి. మనం ఒప్పుకోని యాడ్ ఖర్చు, మన తప్పు లేని వాపసు కనిపిస్తే వెంటనే ఫిర్యాదు పెట్టాలి. గడువు దాటితే వినరు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రతి బ్రాంచీకి విడి ప్రొఫైల్ ఉండాలి. ఓనర్ హోదా మీ జీమెయిల్ దగ్గరే ఉంచుకుని వీఏని మేనేజర్‌గా చేర్చండి. మేనేజర్ టైమింగ్స్ మార్చగలరు, రివ్యూలకి జవాబివ్వగలరు, కానీ ఇంకొకరిని చేర్చడం, తీసేయడం కుదరదు. కావలసింది అదే. రివ్యూలకి ఒకే వాక్యం అందరికీ అతికించడం కంటే జవాబివ్వకపోవడం మేలు. 'రాజాం బ్రాంచీలో నిన్న సాయంత్రం చల్లటి టీ ఇచ్చారు' అని రాసినవాళ్లకి రాజాం గురించి, నిన్న సాయంత్రం గురించి జవాబు రావాలి. మ్యాప్‌లో పిన్ సరిగా ఉందో లేదో సూపర్‌వైజర్ షాపు ముందు నిలబడి ఒకసారి చూడాలి. దూరం నుంచి సరిచేస్తే పక్క వీధికి వెళ్లే ప్రమాదం ఉంది.

వాట్సాప్‌లో బ్రాంచీ ఫోనే ప్రధాన ఫోన్‌గా ఉండాలి, వీఏ కంప్యూటర్ లింక్డ్ డివైస్‌గా. ఒక నంబరుకి ఇలా నాలుగు డివైస్‌లు కలపొచ్చు. ప్రధాన ఫోన్ 14 రోజులు ఇంటర్నెట్‌లోకి రాకపోతే లింకులు తెగిపోతాయి. డ్రాయర్లో పడేసిన పాత ఫోన్లో బ్రాంచీ నంబరు పెట్టుకున్నవాళ్లకి ఇది తరచూ ఎదురయ్యేదే.

బ్రాండ్ బిల్లు, జీఎస్టీ

బ్రాండ్ నుంచి నెలనెలా వచ్చే రాయల్టీ బిల్లుని వచ్చింది వచ్చినట్టు కట్టేసేవాళ్లు చాలామంది. అగ్రిమెంట్‌లో రాయల్టీ 'నికర అమ్మకాల' మీద 6 శాతం అని ఉందనుకుందాం. నెల నికర అమ్మకం 7,00,000 అయితే రాయల్టీ 42,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 7,560, మొత్తం 49,560. కస్టమర్ దగ్గర వసూలు చేసిన 5 శాతం జీఎస్టీ కూడా కలిసిన 7,35,000 మీద లెక్కేస్తే రాయల్టీ 44,100 అవుతుంది, జీఎస్టీతో కలిపి 2,478 ఎక్కువ కడతాం. ఒక బ్రాంచీకి, ఒక నెలకి. డెలివరీ యాప్‌లో ఇచ్చిన డిస్కౌంట్ నికర అమ్మకంలోంచి తీస్తారా లేదా అన్నది కూడా అగ్రిమెంట్ చదివి ఒక వాక్యంగా రాసి వీఏకి ఇవ్వాలి. రెస్టారెంట్ లెక్కన 5 శాతం కట్టే షాపుకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు కాబట్టి ఆ 18 శాతం అచ్చంగా మన జేబులోంచి పోయేదే. తప్పు బిల్లు బరువు అందుకే ఎక్కువ.

అన్ని బ్రాంచీలూ ఆంధ్రప్రదేశ్‌లోనే, ఒకే పాన్ మీద ఉంటే ఒక్క జీఎస్టీ రిజిస్ట్రేషన్ చాలు. ప్రతి కొత్త షాపునీ అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. కొత్తది తెరిచిన 15 రోజుల్లో ఆ మార్పు వేయాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ప్రతి షాపులోనూ కనబడేలా ఉండాలి, నంబరు బోర్డు మీద ఉండాలి. ఫుడ్ లైసెన్స్ మాత్రం ఏ షాపుకి ఆ షాపుదే, 14 అంకెల నంబరు బిల్లు మీద కూడా రావాలి. పీవోఎస్‌లో కొత్త బ్రాంచీని పాతదాన్నుంచి కాపీ చేసి పెడతారు కాబట్టి, నరసన్నపేట బిల్లు మీద శ్రీకాకుళం లైసెన్స్ నంబరు అచ్చవుతూ ఉండటం జరుగుతుంది. వీఏ ప్రతి బ్రాంచీ నుంచి ఒక బిల్లు ఫొటో తెప్పించుకుని ఒకసారి సరిచూస్తే చాలు.

స్విగ్గీ, జొమాటో ద్వారా జరిగిన రెస్టారెంట్ అమ్మకాల మీద జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి ఆ కంపెనీలే కడుతున్నాయి. ఆ అమ్మకాలు మన రిటర్న్‌లో విడిగా చూపించాలి. షాపు అమ్మకంలో కలిపేస్తే ఒకే అమ్మకం మీద రెండుసార్లు పన్ను పోతుంది. అందుకే నెల ముగిసిన మూడో రోజుకల్లా వీఏ ఆడిటర్‌కి పంపే షీట్‌లో బ్రాంచీ వారీగా కౌంటర్ అమ్మకం ఒక వరస, యాప్‌ల అమ్మకం ఇంకో వరసగా ఉండాలి. నెలవారీ పద్ధతిలో ఉన్నవాళ్లకి జీఎస్టీఆర్-1 రిటర్న్ గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బీ రిటర్న్ గడువు 20. రిటర్న్ వేయడం, టీడీఎస్ చూడటం ఆడిటర్ పని. వీఏ చేతికి పోర్టల్ పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరమే లేదు.

పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు

బ్యాంకు విషయంలో ఒకటే మాట: కరెంట్ అకౌంట్‌కి కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్ తీసుకుని వీఏకి స్టేట్‌మెంట్ చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. సప్లయర్ల పేమెంట్లు ఎక్కువైతే, వీఏ ఎంట్రీ వేసి మీరు ఆమోదించే మేకర్, చెకర్ పద్ధతి పెట్టుకోండి. మీ ఓటీపీని ఫోన్‌లో వీఏకి చదివి వినిపించే అలవాటు ఒక్కసారి మొదలైతే ఆ హద్దులన్నీ కాగితం మీదే మిగులుతాయి.

మిగతా లాగిన్‌లకి వీఏ పేరుతో విడి యూజర్ తీసుకోవాలి. విడి యూజర్ కుదరని చోట బిట్‌వార్డెన్‌లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి పంచాలి, వాట్సాప్‌లో టైపు చేసి కాదు. బ్రాంచీల సిమ్‌లన్నీ ఓనరు పేరు మీదే ఉండాలి. డెలివరీ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మెనూ వెరిఫికేషన్, ఓటీపీ చెప్పండి అంటూ నేరుగా బ్రాంచీలకి, వీఏకి ఫోన్లు వస్తాయి. ఎవరికీ చెప్పకూడదని గోడ మీద రాసి పెట్టాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. కొన్ని బ్రాండ్ల అగ్రిమెంట్లలో రెసిపీలు, మాన్యువల్, పీవోఎస్ డేటా మూడోవాళ్లకి చూపకూడదన్న నిబంధన ఉంటుంది. వీఏకి లాగిన్ ఇచ్చే ముందే బ్రాండ్‌కి మెయిల్ పెట్టి అనుమతి తీసుకుని, వీఏ దగ్గర గోప్యతా ఒప్పందం రాయించుకోండి.

పండగలు, తుఫాన్లు

బయటి ఊరి వీఏకి తెలియనిది మన క్యాలెండర్. రథసప్తమికి అరసవల్లికి జనం ముందురోజు రాత్రి నుంచే వస్తారు. ఆ రాత్రి శ్రీకాకుళం షాపు మూయకపోతే పీవోఎస్ ఆటోమేటిక్ ముగింపు టైము మార్చాలి, లేకపోతే ఒక్క షిఫ్టు రెండు ముక్కలవుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రోజులూ కోట, మూడు లాంతర్ల వైపు బండి కదలదు, కాబట్టి సరుకు ఆదివారం రాత్రికే చేరాలి, మంగళవారం డెలివరీ యాప్ ఆపెయ్యాలి. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నై, విశాఖ నుంచి మనవాళ్లంతా ఊళ్లకి దిగుతారు, గిరాకీ పెరుగుతుంది; సరిగ్గా ఆ మూడు రోజులే స్టాఫ్ అంతా సెలవు అడుగుతారు. సెలవుల జాబితా డిసెంబర్‌లోనే వీఏ తీసుకుని, ఎవరు భోగి, ఎవరు కనుమ అన్నది ఖాయం చేయాలి.

తుఫాను మాట వేరు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్: మన తీరానికి ఇది కొత్త కాదు. తిత్లీ అప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు ఆన్‌లైన్ మీద నడిచే పద్ధతులన్నీ ఆగిపోతాయి. అందుకే హెచ్చరిక రాగానే వీఏ చేయాల్సినవి ఒక పేజీగా రాసి ఉంచాలి: పాల ఇండెంట్ సగానికి తగ్గించడం, ఫ్రోజెన్ సరుకు ఆపడం, యూపీఐ పనిచేయదు కాబట్టి బ్రాంచీల్లో చిల్లర రెట్టింపు పెట్టించడం, సౌండ్‌బాక్సులు, పవర్ బ్యాంకులు ఛార్జింగ్ పెట్టించడం. ప్రతి బ్రాంచీలో వరస నంబర్లున్న బిల్లు పుస్తకం ఒకటి ఉండాలి, దాని సిరీస్ పీవోఎస్ సిరీస్‌తో కలవకూడదు. కరెంటు వచ్చాక ఆ బిల్లుల్ని వీఏ వరస తప్పకుండా ఎక్కించాలి. కరెంటు పోయాక తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఆపైన పాలు పారబోయడమే. ఆ నష్టం ఫొటోతో సహా రాసుకోవాలి.

ఎవరిని, ఎన్ని గంటలకి

అయిదు బ్రాంచీలకి రోజువారీ పని ఇలా వస్తుంది: పొద్దున ఫొటోలు 20 నిమిషాలు, ఇండెంట్లు 30, హాజరు 15, డెలివరీ యాప్‌లు 30, రివ్యూలు 20, రాత్రి లెక్క బ్రాంచీకి 15 చొప్పున 75. మొత్తం 190 నిమిషాలు, అంటే మూడు గంటల పది నిమిషాలు. నెల మొదటి వారంలో ఇంకో గంటన్నర. కాబట్టి అయిదింటికి పూర్తి రోజు మనిషి అక్కర్లేదు. కానీ ఆ పని ఎక్కువగా పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర మధ్య పడుతుంది. మనిషి దొరకడంలో కష్టమంతా ఆ టైములదే. పగటి ఉద్యోగంలా చెప్పి తీసుకుంటే రెండు నెలల్లో వెళ్లిపోతారు. ముందే టైములు చెప్పి, దానికి తగ్గట్టు జీతం ఇవ్వాలి.

పెద్ద నగరాల ఏజెన్సీల కంటే మన జిల్లాలవాళ్లే ఈ పనికి నయమని నా గట్టి నమ్మకం. బీకాం చదివి ఇంటి దగ్గర ఉన్న గృహిణి, ఎక్సెల్ వచ్చిన డిగ్రీ కుర్రాడు రాజాం, బొబ్బిలి, పాలకొండల్లో దొరుకుతారు. స్టాఫ్ మాట్లాడే యాస అర్థం కావాలి. ఇచ్ఛాపురం వైపు బ్రాంచీ ఉంటే ఒడియా వచ్చినవాళ్లు ఇంకా మంచిది. ఇంటర్వ్యూలో ప్రశ్నల కంటే పైన చెప్పిన టెక్కలి లెక్కలాంటిది ఒకటి ఇచ్చి, పావుగంటలో తేడా ఎక్కడుందో చెప్పమనండి. రెండొందలు తక్కువ అని చెప్పి ఆగినవాళ్లు ఎవరు, యూపీఐ రిపోర్టు అడిగినవాళ్లు ఎవరు, అక్కడే తెలిసిపోతుంది.

మొదట ఒకే బ్రాంచీ ఇవ్వండి. ఏడు రాత్రులు వరసగా లెక్క ముగిస్తే రెండోది. అయిదూ ఒకేసారి అప్పగిస్తే ఏ బ్రాంచీ ఇన్‌చార్జి ఎలాంటివాడో తెలిసేలోపే అందరితో గొడవ పడుతుంది. స్టాఫ్‌ని తిట్టడం, తీసేయడం, జీతం కోయడం వీఏ అధికారంలో ఉండకూడదని మొదటిరోజే అందరి ముందూ చెప్పాలి. ఆమె అడుగుతుంది, రాస్తుంది, చెబుతుంది. నిర్ణయం ఓనరుది. సూపర్‌వైజర్ వారానికి ఒకసారి ప్రతి బ్రాంచీకి వెళ్లేటప్పుడు ఏం చూడాలో జాబితా మాత్రం వీఏ తయారు చేయాలి: టెక్కలిలో కప్పు సైజు, నరసన్నపేటలో ఫ్రీజర్ రబ్బరు, రాజాంలో బోర్డు మీద నంబరు.

వీఏ సెలవు రోజున లెక్క ఎవరు ముగిస్తారన్నది పెట్టుకోకపోతే ఆ ఒక్క రాత్రే తేడాలన్నీ వస్తాయి. శ్రీకాకుళం బ్రాంచీ ఇన్‌చార్జికి ఆ పని నేర్పి ఉంచవచ్చు, తన బ్రాంచీ లెక్క మాత్రం తను కాకుండా ఓనరు చూడాలి. వీఏ మానేసిన రోజున చేయాల్సినవి కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి: పీవోఎస్ యూజర్ ఆపడం, మర్చంట్ యాప్ సబ్‌యూజర్ తీసేయడం, గూగుల్ ప్రొఫైల్ మేనేజర్లలోంచి తొలగించడం, అయిదు బ్రాంచీ ఫోన్లలోనూ వాట్సాప్ లింక్డ్ డివైస్‌లు లాగౌట్ చేయడం, పంచుకున్న పాస్‌వర్డ్‌లు మార్చడం, కెమెరా యాప్ పాస్‌వర్డ్ మార్చడం. చివరిదే అందరూ మర్చిపోతారు, అందుకే కాగితం మీద దాన్ని మొదటి వరసలో రాయండి.